ఆరు మాత్రల ఖాళీ

ఎవరైనా చనిపోయారని ఫోను వచ్చినప్పుడు నేను మొదట అడిగే మాట "పేరు ఎన్ని అక్షరాలండి?" అని. అయ్యో అనడం ఆ తర్వాత. చాలా ఏళ్లు అలాగే అడిగాను. అందులో తప్పుందని అవతలివాళ్లెవరూ అనలేదు. ఏడుస్తున్నవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగి, వేళ్లు మడిచి లెక్కపెట్టి చెప్పేవాళ్లు. ఒక్కోసారి వెనకనుంచి ఇంకెవరో అందుకునేవాళ్లు, రేషన్ కార్డులో ఒకలా ఉంది, పిలిచేది ఒకలా అని. పిలిచే పేరే చెప్పండి అనేవాణ్ణి. నాకు తెలిసిన మర్యాద అంతవరకే.

పాటలు రాసి బతికాను. సినిమాలకు కాదు. తెనాలి చుట్టుపక్కల పాట కావలసిన సందర్భాలు వేరే చాలా ఉన్నాయి. నాటకాలవాళ్లకు అంకాల మధ్య పాటలు కావాలి. గుళ్లకు భక్తి పాటలు కావాలి. అవి మొదట క్యాసెట్లు, తర్వాత సీడీలు, ఇప్పుడు ఫోన్లో చూసే వీడియోలు. బారసాలకు, ఓణీల ఫంక్షన్‌కు, పంచాయతీ ఎన్నికలకు కావాలి. చివరికి పెద్దకర్మకు కూడా కావలసి వచ్చింది. పదకొండో రోజున షామియానా వేసి, పోయినవారి ఫొటోతో ఫ్లెక్సీ కట్టి, భోజనాలు పెడతారు. ఆ ఫ్లెక్సీ పక్కన మైకులో వాళ్లమీదే ఒక పాట వస్తుంటే బాగుంటుందని ఎవరికి మొదట తోచిందో తెలియదు. తోచాక అది లేని పెద్దకర్మ వెలితిగా కనిపించడం మొదలైంది.

ఈ పాటలన్నీ నా హైస్కూలు స్నేహితుడి స్టూడియోలో తయారయ్యేవి. తెనాలి బస్టాండు వెనక రోడ్డులో, బట్టల కొట్టు మీద మేడగది. నేను రాసి వరస కట్టేవాణ్ణి, వాడు కీబోర్డు, రికార్డింగ్ చూసుకునేవాడు. పాడడానికి ఒకావిడ వచ్చేది. ప్రతిసారీ కొత్త పాట రాయడం కుదరదు. అందుకని ఒకే పాటలో పేరు రావలసిన చోటు వదిలేసి మిగతాదంతా ముందే పాడించి ఉంచేవాళ్లం. పేరు తెలియగానే ఆ ఒక్క మాటా పాడించి అక్కడ అతికించేవాళ్లం. దీన్ని మొదట ఎన్నికల పాటలకు కనిపెట్టాం. అమృతలూరు పక్కన ఒక ఊళ్లో సర్పంచి పదవికి నిలబడ్డ ఇద్దరూ, ఒకరికి తెలియకుండా ఒకరు, మా దగ్గరే పాట చేయించుకున్నారు. రెండు ఆటోలు ఒకే వీధిలోకి ఎదురెదురుగా వచ్చాయి. ఒకే పాట, ఒకే గొంతు, పేర్లు వేరు. జనం నవ్వారు, అభ్యర్థులు ఫోన్లో తిట్టారు. ఎవరు గెలిచినా ఇదే పాట మళ్లీ వేసుకోవచ్చని మా వాడు ఇద్దరికీ నచ్చచెప్పాడు. గెలిచినవాడు అలాగే వేసుకున్నాడు కూడా.

పేరు పెట్టే చోటుకు ఒక కొలత ఉండాలి. పొట్టి అక్షరానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. ఒత్తు ముందున్న అక్షరానికీ, సున్నా ఉన్నదానికీ రెండే. పెద్దకర్మ పాటలో నేను వదిలిన ఖాళీ ఆరు మాత్రలు. నాలుగక్షరాల పాతకాలపు పేర్లు చాలావరకు అందులో సరిగ్గా కూర్చుంటాయి. కూర్చోని పేర్ల కోసం ఒక కాగితం మీద నియమాలు రాసి, స్టూడియో గోడకు అంటించాను. నేను లేనప్పుడు కూడా పని ఆగకూడదని. పేరు పొడవైతే ఇంటిపేరు వదిలెయ్యాలి. మగవారి పేరు పొట్టిదైతే చివర అయ్య చేర్చాలి. ఆడవారి పేరు పొట్టిదైతే చివర అమ్మ చేర్చాలి. అది నా చేతిరాత. గుండ్రంగా, బడిలో పలక మీద రాసినట్టు ఉంటుంది. ఆ కాగితం గురించి అప్పట్లో నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఇక ఆ పాట ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పాలి.

పెళ్లయిన కొత్తలో మేం రేపల్లెలో ఉండేవాళ్లం. ఆమె పుట్టిల్లు అదే ఊరు. ఆమె తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో చెప్పేది. పొద్దున్న రైల్లో వెళ్లి, సాయంత్రం ఆరున్నర బండికి తిరిగి వచ్చేది. రేపల్లెతో ఆ లైను అయిపోతుంది. పట్టాలు అక్కడే ఆగుతాయి కనుక దిగేవాళ్లకు తొందర ఉండదు. బండి ఆగిన చాలాసేపటికి కూడా పెట్టెల్లోంచి ఎవరో ఒకరు దిగుతూనే ఉంటారు. నేను సైకిలు బయట పెట్టి ప్లాట్‌ఫారం మీద నిలబడేవాణ్ణి. ఆమె ఎప్పుడూ ఆఖరున దిగేది. దిద్దాల్సిన పుస్తకాలు రైల్లో దిద్దుతూ కూర్చునేది, బండి ఆగాక వాటిని సర్దుకునేది. ఆ నిలబడడంలో ఒక పాట వచ్చింది. ఎవరూ అడగకుండా నేను కట్టిన పాట అదొక్కటే.

"ఆరున్నర బండి వచ్చి ఆగిందీ
అందరూ దిగారు, నువ్వే దిగలేదు"

మూడో పాదంలో ఆమె దిగుతుంది. నాలుగో పాదంలో మళ్లీ మొదటికి వస్తాం. గొప్ప పాటేమీ కాదు. పాదానికి పద్దెనిమిది మాత్రలు, లెక్క మాత్రం తప్పలేదు.

ఆమెకు గొంతు ఉంది, సంగీతం రాదు. ఈ పాట వంటింట్లో పాడుకునేది. మూడో పాదం దగ్గరికి వచ్చేసరికి నేను రాసింది కాకుండా తనకు తోచిందేదో పాడేది. నన్ను ఆటపట్టించడానికి. అది లెక్కలో పట్టేది కాదు. నేను గదిలోంచే చెప్పేవాణ్ణి, మాత్రలు ఎక్కువయ్యాయి అని. ఆమె మళ్లీ అలాగే పాడేది. నేను మళ్లీ చెప్పేవాణ్ణి. మొదట్లో అది ఇద్దరికీ ఆటే. ఎప్పుడు ఆట కాకుండా పోయిందో నేను గమనించలేదు. నాలుగైదేళ్లకు మేం తెనాలి వచ్చేశాం, ఆమెకు రైలు ప్రయాణం తప్పింది, ఆ పాట పాడడమూ మానేసింది. అవసరం తీరింది కనుక మానేసిందనుకున్నాను.

తెనాలి వచ్చిన చాలాకాలానికి, ఊళ్లో పేరున్న ఒక కుటుంబంలో పెద్దావిడ పోయింది. వాళ్లకు కొత్త పాట కావాలి, ఇంతకుముందు ఎవరికీ వాడని వరస కావాలి. రెండు రోజులు కూర్చున్నా ఏదీ నచ్చలేదు. మూడో రోజు మధ్యాహ్నం స్టూడియోలో విసుగ్గా కూర్చుని, తెలియకుండానే బండి పాట వరస హార్మోనియం మీద వాయించాను. మా వాడు హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టాడు. ఇదేంట్రా, ఇన్నాళ్లు ఎక్కడ దాచావు అన్నాడు. అప్పుడు ఇబ్బందేమీ లేదు నాకు. ఇంట్లో బియ్యం నిండుకుని ఇచ్చిన పాట కాదది. మెచ్చుకున్నాడని ఇచ్చాను. ఇప్పుడు తల్చుకుంటే అవసరం ఉండి ఇచ్చినా బాగుండేదనిపిస్తుంది.

మాటలు మార్చడానికి పావుగంట కూడా పట్టలేదు. 'ఆరున్నర' తీసి 'చిట్టచివరి' పెట్టాను. రెండింటికీ ఆరేసి మాత్రలు. 'దిగలేదు' తీసి 'రావింక' పెట్టాను. రెండింటికీ అయిదేసి. అంతే, ఎదురుచూసే పాట ఏడ్చే పాట అయిపోయింది. మూడో పాదం మొత్తం తీసేసి, ఆరు మాత్రలు పేరుకు వదిలి, మిగతా పన్నెండింటిలో 'ఇల్లంతా నీ పేరే' అని పెట్టాను.

ఆ పాట పట్టుకుంది. మరుసటి నెలనుంచి ఎవరు ఫోను చేసినా ఆ రైలు పాటే కావాలనేవాళ్లు. బాపట్ల నుంచి రేపల్లె దాకా ఏ ఊళ్లో షామియానా వేసినా వినిపించేది. స్టూడియోలో కూర్చుని కొన్ని వందల పేర్లు ఆ ఖాళీలో పెట్టించాను. పాడే ఆవిడ ఒకసారి, మన చుట్టుపక్కల చచ్చిపోయినవాళ్లందరి పేర్లకూ నోరు తిరిగినదాన్ని నేనే అని నవ్వింది. మేమూ నవ్వాం.

మా ఆవిడకు నేను చెప్పలేదు. చెప్పకూడదని కాదు, ఇంట్లో పని సంగతులు చెప్పే అలవాటు లేదు. ఒక ఆదివారం పొద్దున్న వెనక వీధిలో ఎవరిదో పెద్దకర్మ. ఆమె వరండాలో గోంగూర ఒలుస్తోంది. నేను పేపరు చదువుతున్నాను. మైకులో పాట మొదలైంది. ఆమె చేయి ఆగడం పేపరు మీదనుంచి చూశాను. మూడు పాదాలూ అయ్యేదాకా విన్నది.

"ఇది మన బండి పాట కదండీ," అంది.

వరస ఒక్కటే వాడానులే, మాటలు వేరు అన్నాను.

"మరి నేను దిగే చోట ఆవిడ పేరు పెట్టారేం?"

నిలదీసినట్టు అనలేదు. పిల్లల్ని లెక్క తప్పెక్కడ వచ్చిందని అడిగినట్టు అడిగింది. నేను ఏదో చెప్పాను. అక్కడ ఖాళీ సరిపోయింది అనో, ఏదో. ఆమె గోంగూర కాడలు పేపరు ముక్కలో చుట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తివుంటే ఆ మూడో పాదం ఒక్కసారైనా మళ్లీ పాడించుకునేవాణ్ణేమో.

మూడేళ్ల కిందట ఆమెకు జబ్బు చేసింది. గుంటూరు తీసుకెళ్లి తీసుకొచ్చాం, మళ్లీ తీసుకెళ్లాం. తొమ్మిది నెలలు గడిచాయి. అప్పటిదాకా మా ఇంట్లో మాత్ర అంటే పాటలోదే. ఆ తొమ్మిది నెలలూ పొద్దున్న నాలుగు, సాయంత్రం మూడు అని వేరే మాత్రలు లెక్కపెట్టాను. అప్పుడు కూడా ఫోన్లు వస్తూనే ఉండేవి. మంచం పక్కనుంచి లేచి వరండాలోకి వెళ్లి పేరు ఎన్ని అక్షరాలండి అని అడిగేవాణ్ణి. గోడ సన్నం కనుక ఆమెకు వినిపించేదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలియదా అంటే, తెలుసు.

ఆమె తెనాలిలో ఇంట్లోనే పోయింది. మాకు పిల్లల్లేరు. రేపల్లెనుంచి ఆమె తమ్ముడు వచ్చి కార్యక్రమాలన్నీ నెత్తిన వేసుకున్నాడు. అక్కడ పురుగుమందుల కొట్టు నడుపుతాడు. అక్కంటే ప్రాణం. అతను ఏది అడిగినా నేను సరే అన్నాను, చాలావరకు వినకుండా.

పదకొండో రోజు మా వీధిలోనే షామియానా. పదింటికి జనం రావడం మొదలైంది. నేను ఫొటో పక్కన కుర్చీలో ఉన్నాను. మైకు గరగరలాడింది, బండి పాట మొదలైంది. అది ఆ రోజు వస్తుందని నాకు తోచనేలేదంటే ఎవరూ నమ్మరు. ఎవరికైనా అదే వేస్తారు కదా. చిట్టచివరి బండి వచ్చి ఆగిందీ. అందరూ దిగారు. మూడో పాదంలో ఆమె పేరు రావాలి.

ఆమె పేరు మూడక్షరాలు, నాలుగు మాత్రలు. రెండు తక్కువ. చివర అమ్మ చేర్చారు. ఒకటి, రెండు, మూడు అని వేళ్లు మడవాల్సిన పనిలేకుండా సరిగ్గా ఆరు.

ఆ పేరుతో ఆమెను ఎవరూ ఎప్పుడూ పిలవలేదు. స్కూల్లో టీచరు గారు, పుట్టింట్లో ఉత్త పేరు, నాకు ఏమోయ్. అమ్మ చేరిన పేరు గల మనిషి ఎవరో నాకు తెలియదు. ముసలావిడెవరో, ఏ ఊరి ఆవిడో అనిపించింది. ఒక్క క్షణం నిజంగానే, ఎవరిదో పాట మార్చి వేశారనుకున్నాను. మైకువాడికి చెబుదామని లేచాను కూడా.

బావమరిది దగ్గరికి వచ్చి నా చేయి పట్టుకున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బావా, మీకు చెప్పకుండా చేయించాను. మీ పాటే కదా అని. అక్క వింటే ఎంత సంబరపడేదో."

అవునన్నాను. అంతకన్నా ఏం అనను? అతను ప్రేమతో చేశాడు. పాడిన ఆవిడ కూడా ప్రేమతోనే పాడింది, ఆ రోజు వచ్చి భోజనం చెయ్యకుండా ఏడ్చి వెళ్లింది. మా వాడు గోడ మీద కాగితం చూసి అమ్మ చేర్పించాడు. ఎవరి తప్పూ లేదు. చేతిరాత నాది.

పాట మధ్యాహ్నం దాకా తిరిగి తిరిగి వచ్చింది. వచ్చినవాళ్లలో ఒకరిద్దరు, మీకోసం మీరే రాసుకోవలసి వచ్చిందే అని నన్ను ఓదార్చారు.

వారం తర్వాత స్టూడియోకు వెళ్లి ఇక రాయనని చెప్పాను. మా వాడు కొంతకాలం ఆగి చూడమన్నాడు. దుఃఖంలో తీసుకున్న నిర్ణయం అన్నాడు. నిజమే, దుఃఖంలోనే తీసుకున్నాను. సంతోషంగా ఉన్నప్పుడు తీసుకోవలసింది. గోడ మీద కాగితం తీసేస్తానంటే వద్దన్నాడు.

"నువ్వు మానేస్తే మానెయ్, కాగితం ఉంచరా. మాకు లెక్కలు రావు."

ఉంచాను. ఆ పాట ఆపమని అడగడానికి కూడా నాకు హక్కు కనిపించలేదు. నిరుడు వెళ్లినవాళ్లెవరో చెప్పారు, ఇప్పుడు పాడే ఆవిణ్ణి కూడా పిలవడం లేదట. పేరు టైపు చేస్తే కంప్యూటరే ఆ గొంతుతో పాడుతుందట. అమ్మ, అయ్య అదే చేర్చుకుంటుందో లేదో అడగలేదు.

పాటలు రాయడం మానేశాను కానీ హార్మోనియం మానలేదు. రోజూ నాలుగు గంటల ప్రాంతంలో పెట్టె ముందు కూర్చుంటాను. ఎవరికోసమూ కాదు. దాని వల్ల మనసు తేలికపడుతుందని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. తేలికపడదు. ముప్పై ఏళ్లు చేసిన పని చేతులకు అలవాటు, అవి ఊరుకోవు. పక్కింటాయన రిటైరైన లెక్కల మాస్టారు. నేను వాయిస్తుంటే పిట్టగోడకు అవతల కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ తొడ మీద తాళం వేస్తాడు. ఆయన ఒక్కడే శ్రోత, నేను అడిగింది కాదు.

మొదటి నెలలోనే తెలిసింది, నాకు మూడో పాదం గుర్తులేదని. బండి పాటను మొదటిలా వాయించి, మొదటి మాటలతో పాడుకుందామని కూర్చున్నాను. రెండు పాదాలు సులువుగా వచ్చాయి. మూడో పాదంలో నోరు తెరిస్తే ఎవరెవరివో పేర్లు వచ్చాయి. మా ఊరివాళ్లు, పక్కూరివాళ్లు, నేను మొహం చూడనివాళ్లు. వాళ్లందరి కింద ఎక్కడో నేను రాసిన పాదం ఉంది. పాత నోటుపుస్తకాలు వెతికాను. ఆ పాటను ఎక్కడా రాసిపెట్టుకోలేదు, ఇంట్లో పాట కదా అని. ఆమె నన్ను ఆటపట్టించిన పాదం కూడా గుర్తుకు రాలేదు. మాత్రలు ఎక్కువయ్యాయని నేనన్నది మాత్రం గుర్తుంది, నా గొంతుతో సహా. చదువుకున్న పుస్తకాల్లో ఎక్కడెక్కడివో పద్యాలు ఇప్పటికీ అప్పజెప్పగలను. నా భార్య రైలు దిగిన పాదం అప్పజెప్పలేను. ఆ ఒక్కటీ దొరికితే చాలు, ఇంకేమీ వద్దని రోజూ పెట్టె ముందు కూర్చున్నాను. కొత్తగా రాసి పెట్టొచ్చు. పద్దెనిమిది మాత్రలు నింపడం నాకో పనా? అందుకే రాయలేదు.

ఆ మధ్య రేపల్లె దగ్గర నగరం మండలం నుంచి ఒక రైతు ఇంటికి వచ్చాడు. తండ్రి పోయాడు. స్టూడియో పాట వద్దు, మీరే సొంతంగా రాయాలి అన్నాడు. నేను మానేశానన్నాను. ఆయన కదల్లేదు.

"ఆ రైలు పాట మీ ఆవిడ పోయినప్పుడు రాశారంట కదండీ. అంత బాగా ఎట్టా వచ్చుద్దండీ, పేమ లేకపోతే. మా నాయనకి నాలుగు ముక్కలు రాయలేరా?"

ఆమె పోకముందే రాశానండి అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. భార్య బతికుండగా చావు పాట రాసినవాడని అర్థమైవుంటుంది. వివరించలేదు. ఆయనకు అర్థమైంది తప్పని కూడా నేను చెప్పలేను. చెప్పులేసుకుంటూ, చదువుకున్నోళ్లకి అన్నీ ఎక్కువే అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. పాపం, ఆయన తండ్రికి ఏ పాట వేశారో.

ఏడాది తిరిగేసరికి సంవత్సరీకం వచ్చింది. ఆమె అక్కగారు బాపట్లలో ఉంటారు. ఫోను చెయ్యడం బాగుండదని పిలవడానికి స్వయంగా వెళ్లాను. స్టేషన్ వెనక చిన్న డాబా ఇల్లు. వదిన వంటింటి గడప దగ్గర కత్తిపీట ముందు కూర్చుని దోసకాయ తరుగుతోంది. నన్ను పీట వేసుకుని అక్కడే కూర్చోమంది. కాయ చేదేమోనని చిన్న ముక్క కొరికి చూసి, మిగతాది గిన్నెలో వేస్తోంది. ఎవరెవరిని పిలిచానో, వంటకు ఎవరిని మాట్లాడానో అడిగింది. తర్వాత, మైకు పెడుతున్నారా అంది.

లేదు వదినా అన్నాను.

ఆవిడ తల ఊపింది. ఆ రోజు ఆ పాట తనకు నచ్చలేదని మెల్లిగా చెప్పింది. తమ్ముడు బాధపడతాడని అప్పుడు అనలేదట.

"అది అసలు పాడేది అట్లా కాదు కదా మరిది గారూ. వేసవి సెలవలకి వచ్చినప్పుడల్లా మా పిల్లలకి పాడి వినిపించేది. మీరు వింటే తిడతారని చెప్పి మరీ పాడేది."

ఎలా పాడేదని అడిగాను. మామూలుగా అడిగినట్టే అడిగానని అనుకుంటున్నాను.

వదినకు అరవై దాటాయి, గొంతు బొంగురు. కత్తిపీట మీదనుంచి చెయ్యి తియ్యకుండా పాడింది. ఆరున్నర బండి వచ్చి ఆగిందీ. అందరూ దిగారు, నువ్వే దిగలేదు. తర్వాత,

"చెప్పు తెగిందండీ, అందుకే ఆలస్యం."

పిల్లలు అక్కడికి రాగానే పడీపడీ నవ్వేవాళ్లట. ఆ చివర కాలు ఈడ్చుకుంటూ నడిచి చూపించేదట. ఒకసారి నిజంగానే రేపల్లె స్టేషన్లో చెప్పు తెగిందట, నేను మొహం మాడ్చుకుని నిలబడి, ఏం ఇంతసేపు అన్నానట. అది నాకు గుర్తులేదు.

లెక్క మాత్రం అప్పటికప్పుడే వేసేశాను, అలవాటు. ఇరవై ఒకటి. మూడు ఎక్కువ. అప్పుడు నేనేమన్నానో కూడా అక్కడే, ఆ పీట మీదే గుర్తొచ్చింది. అండీ తీసెయ్, సరిపోతుంది అన్నాను. చెప్పు తెగింది, అందుకే ఆలస్యం. సరిగ్గా పద్దెనిమిది. ఆమె వంటింట్లోంచి, అండీ లేకుండా మీతో ఎలా చెప్పనండీ అంది. నేను నవ్వలేదు. పాటంటే పాటే అన్నాను.

వదిన భోజనం చేసి వెళ్లమంది. చేశాను. దోసకాయ పప్పు. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆ పాదం మర్చిపోతానేమోనని తెనాలి దాకా లోపల అనుకుంటూనే ఉన్నాను. కాగితం మీద రాసుకోవచ్చు, పెన్ను జేబులోనే ఉంది. తియ్యలేదు.

నేను రాసిన పాదం ఇప్పటికీ గుర్తుకు రాలేదు. ఏ పోలికో పెట్టి ఉంటాను, నవ్వు ముందు దిగిందనో, వెలుగు దిగిందనో. లెక్కకు సరిపోయేది. దానికోసం వెతకడం లేదు.

సంవత్సరీకం మైకు లేకుండా జరిగింది. బావమరిది ఒకసారి అడిగి ఊరుకున్నాడు. మర్నాడు నాలుగు గంటలకు పెట్టె ముందు కూర్చున్నాను. రెండు పాదాలు వాయించి, మూడోదానిలో ఆమె మాట పెట్టాను. 'తెగింది' దగ్గర వరస ముందుకు పోతానంటుంది, 'అండీ' ఇంకా అయిపోదు. వరసను అక్కడ ఆపి పట్టుకోవాలి. మూడు మాత్రలసేపు హార్మోనియం తిత్తి ఆడిస్తూ ఊరికే ఉండాలి. ముప్పై ఏళ్లలో ఆ పని ఎప్పుడూ చెయ్యలేదు కనుక చెయ్యి వినలేదు. నాలుగైదుసార్లు చేశాక ఆగింది. దూరంగా ఏ వీధిలోనో మైకు వినిపిస్తోంది, ఏం పాటో తెలియడం లేదు.

పిట్టగోడ అవతల తాళం ఆగిపోయింది. మాస్టారు కుర్చీ జరిపిన చప్పుడైంది.

"మూడోచోట లయ తప్పుతోందండి," అన్నాడు.

"అవునండి," అన్నాను.